ఏడు సమాన వాటాలు

పెనం మీద గొర్రెమాంసం ముక్కలు చిటపటలాడుతున్నాయి. లోరెల్ ఒక చేత్తో వాటిని తిరగేస్తూ, రెండో చేత్తో రొట్టెలు పేరుస్తూ, బల్ల చివర కూర్చున్న కూతురి మీద ఓ కన్నేసి ఉంచింది. మెరిన్ కాళ్ళు ఊపుకుంటూ లెక్కలు చేస్తోంది. రెండో వాయి పెనమెక్కకముందే పెన్సిలు కింద పడేసింది.

“అయిపోయిందమ్మా.”

“అప్పుడేనా? అన్నీనా?”

“అన్నీ. ఇవీ నిన్నటివే. అంకెలు మార్చారంతే.”

లోరెల్ జవాబుల పేజీ తీసి సరిచూసింది. ఒక్క తప్పు లేదు. పోయిన వారం వరకూ అలా ఒక్క తప్పూ లేని పేజీ చూస్తే ఆమెకు కడుపు నిండేది. ఇవాళ మాత్రం గుండెలో ముల్లు కదిలినట్టయింది.

ఆమె వెడల్పాటి భుజాల మనిషి. ముంజేతుల నిండా పొయ్యి కాల్చిన మచ్చలు. పదిహేనేళ్ళకే బడి మానేసి, తల్లి వెంట ఉన్ని షెడ్లలో గరిటె పట్టుకుంది. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠా ఏ ఊరి షెడ్డుకు వెళితే ఆ ఊరికి ఆమె బండీ, పొయ్యీ కదిలేవి. భర్త పడమటి గనుల్లో లారీ తోలుతూ అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. షెడ్డు నుంచి షెడ్డుకు తిరిగే పిల్లకు బడి ఎక్కడ కుదురుతుంది? అందుకే పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని తనే చెప్పుకుంటోంది. చిన్నప్పుడు లెక్కల టీచరు తనను వెనక వరసకు తోసేసింది. తన కూతురికి మాత్రం అన్నీ ఒప్పులే!

ఆదివారం డబ్బో పట్నం నుంచి అక్క గ్లెనిస్ ఫోన్ చేసి ఆ సంబరం మీద నీళ్ళు చల్లింది. “అన్నీ ఒప్పులేనంటే పిల్ల గట్టిదా, పుస్తకం మెత్తనిదా? ముందది తేల్చుకోవే. తేల్చుకోలేకపోతే దాన్ని నా దగ్గరికి పంపెయ్. ఇక్కడ మంచి బడి ఉంది.”

ఈ పుస్తకాల కంపెనీ వాళ్ళవే పై తరగతి పుస్తకాలకు ఆర్డరు కవరు అంటించి గూట్లో పెట్టింది లోరెల్. మధ్యాహ్నం పోస్టు బండి వస్తుంది. పంపాలా? మానాలా? పుస్తకం గట్టిదో కాదో చెప్పడానికి తనకేం తెలుసు?

పొద్దుటి టీకి మగాళ్ళు చెమటలు కారుతూ వచ్చి పడ్డారు. బల్ల మీద చల్లారుతున్న పెద్ద చదరపు కేకు చూడగానే గోల మొదలైంది. ముఠాలో అందరికన్నా పెద్దవాడు ఎరల్‌కు ఇదే చివరి షెడ్డు, దీంతో పని చాలిస్తున్నాడు. కేకు అతని కోసమే. పైనా, నాలుగు పక్కలా క్రీము పూయాలి.

“మూలముక్క నాది. దానికి రెండు గోడల క్రీముంటుంది,” అన్నాడు కుర్రవాళ్ళలో ఒకడు.

“నీ మొహానికి మూలముక్కా? పెద్దాయనకియ్యరా!”

“కేకూ క్రీమూ మా ఏడుగురికీ సమానంగా రావాలి వంటమ్మా. లేకపోతే ఇక్కడ యుద్ధమే,” అని నవ్వాడు ఇంకొకడు.

లోరెల్ చేతిలోని గరిటె ఆగిపోయింది. ఏడుగురికి. కేకూ సమానం, క్రీమూ సమానం. ఎలా? తనకు తెలియదు. ఏ జవాబుల పేజీలోనూ లేదు. పిల్ల గట్టిదో పుస్తకం మెత్తనిదో ఇప్పుడు తేలుతుంది.

“మెరిన్! సాయంత్రం కేకు నువ్వే కొయ్యాలి. వీళ్ళన్నట్టే.”

“ఓస్, అంతేనా!” అని మెరిన్ కాగితం మీద చదరం గీసింది. నిలువుగా ఏడు పట్టీలు చేసింది. చేశాక కొసల్లోని రెండు పట్టీల వంక చూసి నాలుక కరుచుకుంది. వాటికి పక్క క్రీము ఎక్కువ. చెరిపింది. అడ్డంగా కూడా గీసి చూసింది, ముక్కలు కుదరలేదు. కాగితం మీద కాగితం చింపింది. చివరికి పెన్సిలు గోడకేసి కొట్టి భోరుమంది.

“నా వల్ల కాదు! నువ్వే చెప్పు!”

“నాకూ తెలీదే తల్లీ.”

“తెలీకుండా ఎలా ఇచ్చావ్?” అని ఏడుస్తూ బయటికి పరుగెత్తింది.

లోరెల్ వెంటపడబోయి గుమ్మంలో ఆగిపోయింది. ఈ పిల్ల లెక్క దగ్గర ఏడవడం తను ఇంతవరకూ చూడనే లేదు. కిటికీలోంచి చూస్తే, మెరిన్ నీళ్ళ ట్యాంకు నీడలో చతికిలబడి, ముక్కు తుడుచుకుంటూ పుల్లతో ఎర్రమట్టిలో మళ్ళీ గీస్తోంది. ఎవరూ గీయమనలేదు. లోరెల్‌కు నవ్వూ ఏడుపూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

పోస్టు బండి హారన్ కొట్టింది. “ఏమైనా ఉందా లోరెల్?” అని డ్రైవరు కేకేశాడు.

“లేదయ్యా! ఈసారికి లేదు!” అంటూ ఆమె కవరును రెండుగా చింపి పొయ్యిలో వేసింది.

బంగాళాదుంపలు సగం తొక్కతీసి ఉండగా మెరిన్ తలుపును తన్నుకుంటూ లోపలికొచ్చింది. మోకాళ్ళ నిండా మట్టి.

“దారం! అమ్మా, దారం ఇవ్వు!”

క్రీము పూసి గట్టిపడ్డ కేకు చుట్టూ దారం తిప్పింది. దాన్ని స్కేలుతో కొలిచి ఏడుతో భాగించింది. అంచు వెంట చాకుమొనతో ఏడు గుర్తులు పెట్టింది. ప్రతి గుర్తు నుంచీ కేకు నడిబొడ్డుకు గీత గీసింది. ఆ గీతల వెంటే చాకు దించింది.

చివరి గొర్రె కూడా ఉన్ని వదిలించుకున్నాక ముఠా అంతా బల్ల చుట్టూ మూగింది. ముక్కలు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉన్నాయి. ఎరల్ తన ముక్కను పైకెత్తి కళ్ళు చికిలించి చూశాడు.

“ఏవమ్మాయ్, నాది మూలది. మరి నాకు ఎక్కువ రాలేదూ?”

“లేదు తాతా! నీకు రెండు పక్కలా కాస్త కాస్త అంచు, ఈ అన్నకి అంచంతా ఒకే పక్క. కలిపితే రెండూ ఒకటే. నడిమధ్య నుంచి నాలుగు గోడలూ ఒకే దూరం కదా! అందుకని అంచు సమానమైతే కేకూ సమానమే, పై క్రీమూ సమానమే, పక్క క్రీమూ సమానమే!”

అర్థమైనవాడు కానివాడి డొక్కలో పొడిచాడు. ఆ తర్వాత బల్ల మీద అరచేతుల మోత మొదలైంది. మెరిన్ మొహం కందిపోయింది.

“వంటమ్మా, ఇంకో లెక్కుంటే పెట్టు దీనికి!” అన్నాడు ఎరల్.

లోరెల్ అప్పటికే ఫోన్ అందుకుంది. “గ్లెనిస్! ఇవాళ మా పిల్ల ఏడ్చింది!”

“అయ్యో! ఎందుకే?”

“లెక్క రాక! గోడకేసి పెన్సిలు కొట్టింది! తర్వాత తనే చేసింది, ఒక్కత్తే! పుస్తకమే మెత్తనిది అక్కా, పిల్ల గట్టిది. పేజీ నిండా ఒకే మాదిరి లెక్కలుండే పుస్తకం ఇక వద్దు. పేజీకి ఒక్కటే ఉన్నా సరే, పొద్దంతా పట్టేది కావాలి. నీకు దొరికితే పంపు. పిల్లను మాత్రం పంపను.”

అవతల గ్లెనిస్ నవ్వింది. “ఆ కేకు లెక్కేంటో నాకూ చెప్పవే,” అంది.

బయట నవ్వులూ బీరు డబ్బాల చప్పుడూ. మెరిన్ మట్టిలో ఎనిమిది వాటాల కేకు గీసి మగాళ్ళను పరీక్షిస్తోంది. లోరెల్ ఎరల్‌కు టీ పోసుకుని షెడ్డులోకి వెళ్ళింది. అతను లేడు. వీడ్కోళ్ళు గిట్టని మనిషి. ఎవరికీ చెప్పకుండా వెనక తలుపు గుండా వెళ్ళిపోయినట్టున్నాడు. దూరాన దారి మీద అతని బండి లేపిన ఎర్రదుమ్ము ఇంకా అణగలేదు.

అతను పొద్దుటి నుంచీ నిలబడిన చోట, ఉన్ని జిడ్డుకు నున్నబారిన చెక్కల మీద, కత్తిరింపు పనిలో తొడుక్కోవడానికి గోనెగుడ్డతో స్వయంగా కుట్టుకున్న అతని మెత్తటి జోళ్ళు పక్కపక్కనే విడిచిపెట్టి ఉన్నాయి. వేళ్ళ దగ్గర ఉబ్బు ఇంకా అతని పాదాల ఆకారంలోనే ఉంది.