ఓరుగంటి ఎస్.

శశికళ లైబ్రరీలో నిలబడే సైటేషన్ ఇండెక్స్ తిరగేసింది. ఎవరి పేపర్ని ఎవరెవరు తమ పేపర్లలో పేర్కొన్నారో చెప్పే లావుపాటి పుస్తకాలవి. ఆ సన్నటి అచ్చులో మనిషికి మిగిలేది ఇంటిపేరూ, ఒక పొడి అక్షరమూ మాత్రమే. ధూళిపాళ ఎస్. కింద నాలుగైదు పంక్తులున్నాయి. ఓరుగంటి ఎస్. కింద కాలమ్ పొడవునా నిండి ఉంది.

రెండూ తనే. రెండోది ఆమె మాజీ భర్త శ్రీధర్ కూడాను.

డిపార్ట్‌మెంట్ ఛైర్మన్ కెల్నర్ పొద్దున తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పాడు. "మీ పని మంచిదే. కానీ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కమిటీ శుక్రవారం కూర్చుంటుంది."

టెన్యూర్ ఇచ్చి ఉద్యోగం ఖాయం చెయ్యకపోతే వచ్చే వేసవికి ల్యాబ్ ఖాళీ చెయ్యాలి. ఎలుకల బోనులు, మైక్రోస్కోపు, గాజు పలకల మీద ఆరబెట్టుకున్న ఇన్నేళ్ళ బతుకు, అన్నీ ఇంకొకరి పాలవుతాయి. నలభై దాటిన మనిషిని మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబెట్టుకునే యూనివర్సిటీ న్యూజెర్సీలోనే కాదు, ఎక్కడా దొరకదు.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. 1978. కొత్త కాపురం, ఇద్దరిదీ ఒకే ల్యాబ్. మెదడులో ఒక నరం తెగిపోతే పక్క నరాలు కొమ్మలు వేసి ఆ ఖాళీలోకి పాకుతాయని చూపించిన పేపర్ అది. పత్రికవాళ్ళు పూర్తి పేరు అడిగారు. వాల్తేరులో చదువుకున్నప్పటినుంచీ పొడి అక్షరంతో సంతకం చేసిన చెయ్యి, 'ఎస్. ఓరుగంటి' అని రాసి పంపింది. ఆయన అక్షరమూ అదేనని మురిసిపోయింది కూడా. విడాకుల తర్వాత ఆమె పుట్టింటి పేరుకు వచ్చేసింది. పేపర్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

అది నాదేనంటే కెల్నర్ భుజాలెగరేశాడు. "ఆ ల్యాబ్‌లో ఇంకో ఎస్. ఉన్నాడు కదా. మీ పాత ప్రొఫెసర్ పోయారు. ఎవరైనా చెప్పాలి మరి."

చెప్పగలిగిన వాడు ఒక్కడే. ఆ సాయంత్రం జెర్సీ సిటీలో తన గదినుంచి, అరోరా ఊళ్ళో ఉంటున్న శ్రీధర్‌కి ఫోన్ చేసింది.

"శశీ? ఎవరైనా పోయారా?" అన్నాడు శ్రీధర్.

"పోతే నీకెందుకు చెబుతాను? ఒక మాట సాయం కావాలి."

కాపురం చేసినన్నాళ్ళూ 'మీరు' అన్న మనిషి, విడిపోయాకే 'నువ్వు' అనడం నేర్చుకుంది. సంగతంతా చెప్పింది. అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"నా ప్రమోషన్‌లో ఆ సైటేషన్లు కౌంట్ చేసేశారే," అన్నాడు. "నేను క్లెయిమ్ చెయ్యలేదు, ఒట్టు. వాళ్ళే ఓరుగంటి ఎస్. కాలమ్ మొత్తం యాడ్ చేశారు. నేను కరెక్ట్ చెయ్యలేదు, అంతే."

"అంతేనా? కోల్డ్ రూమ్‌లోకి రమ్మంటే స్వెటర్ లేదని కాఫీకి చెక్కేసేవాడివి!"

"ఇంకా దెప్పడం మానలేదు నువ్వు."

"మానేస్తాను. ఆ పని నాదని ఒక్క మాట చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటానండీ."

ఆ 'అండీ' ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియక ఆమె రిసీవర్ రెండు చేతులా పట్టుకుంది. విడాకులప్పుడు కోర్టు వరండాలో కూడా ఇంతలా బతిమాలలేదు.

"ఏడవకు. మీ ఛైర్మన్‌ని నాకు కాల్ చెయ్యమను," అన్నాడు మెత్తగా. "నీ జాబ్ పోనివ్వను."

గురువారం కెల్నర్ ఆమె ఎదుటే ఫోన్ చేశాడు. "అలాగా... ఇద్దరూనా... సరిగ్గా సగం... చాలా పెద్ద మనసు మీది." ఫోన్ పెట్టేసి నవ్వాడు.

"అది మీరిద్దరూ కలిసి చేసిన పనట. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే అక్షరం కనుక పేరు ఒక్కసారే అచ్చయిందట. సగం మీకు రాయొచ్చు. సగం చాలు, కమిటీ ఒప్పుకుంటుంది. మీరూ అంతేనంటారా?"

కాదు అనాలి. అంటే శ్రీధర్ మాటకి ఎదురు తన మాట ఒక్కటే, రేపే శుక్రవారం. చలిగదిలో వేళ్ళు నీలిబారి, కత్తి జారిపోతుంటే ఊపిరి బిగబట్టిన ఆ రోజులన్నిట్లోనూ తనొక్కతే ఉంది.

"అవును," అంది. "కలిసే చేశాం."

కెల్నర్ రాసుకుని కలం మూత పెట్టాడు. "అంత మంచివాణ్ణి ఎలా వదులుకున్నారండీ?"

అది జోక్. ఆమె నవ్వాలని ఎదురుచూస్తున్నాడు. శశికళ నవ్వింది.