తాళ్ళ బజారు తెరిచే ఉంటుంది

మా సిటీ బస్సు కాలవ వంతెన దిగి తాళ్ళ బజారు మొగలో ఆగిపోయింది. అడ్డంగా లారీ. లారీ పక్కన బీబీజాన్ తన తోపుడుబండి చక్రం పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. ఆక్రమణలు తొలగించేవాళ్ళు ఆమె అమ్మే దోమతెరల్ని కట్టలకు కట్టలు లారీలోకి విసురుతున్నారు. ఒక తెర మేకుకి చిక్కుకుంటే, విప్పే ఓపిక లేక బర్రున చించాడొకడు. నేను కండక్టర్ని, ఆ బజారులోనే పెరిగినవాణ్ణి. టికెట్ల సంచీతోనే దిగి పరిగెత్తాను. అప్పటికే బండి కూడా లారీ ఎక్కింది.

"పొద్దున్నే ఏం పాపం చేశాను బాబూ? బోణీ కూడా కాలేదు," అంటోంది బీబీజాన్.

బజారంతా చూస్తోంది. కొట్లవాళ్ళలో ఒక్కరూ గల్లాపెట్టె దగ్గర నుంచి లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇది తొంభై ఎనిమిదిలో మాట. ఒకప్పుడు కాలవ పడవలకు తాళ్ళూ చాపలూ అమ్మిన వీధి అది. పడవలు పోయాయి. బస్టాండు దూరం జరిగింది. కంకిపాడు, చల్లపల్లి జనం రావడం తగ్గింది. అయినా కొట్లూ బండ్లూ నమ్ముకుని వందల కుటుంబాలు అక్కడే బతుకుతున్నాయి. ఆ వీధి మీద కాంట్రాక్టరు వెంకటకృష్ణారావు కన్ను పడింది. అంతా పడగొట్టి నాలుగంతస్తుల కాంప్లెక్సు కడతాడట. కొట్లవాళ్ళకు పై అంతస్తులో గదులిస్తాడట. బండ్లవాళ్ళ ఊసే లేదు. ముందు బండ్లు లేపేస్తే జనం రారు, జనం రాకపోతే కొట్లు వాటంతటవే ఖాళీ అవుతాయి. అదీ వాడి ఎత్తు.

ఆ సాయంత్రం భానుమూర్తి గారి స్టీలు సామాన్ల కొట్టు ముందు మీటింగు పెట్టాం. ఆయన వర్తక సంఘం అధ్యక్షుడు.

"మూడు రోజులు బంద్ చేద్దాం," అన్నారాయన.

అందరం చప్పట్లు కొట్టాం. బెజవాడ వాళ్ళకి కోపం వస్తే చెయ్యి షట్టరు మీదకే పోతుంది. ధర పెరిగినా బంద్, నాయకుడు పోయినా బంద్. ఎందుకో సగం మందికి తెలియకపోయినా బంద్ మాత్రం బ్రహ్మాండంగా జరుగుతుంది. ఇదీ అలాగే జరిగింది. రెండో రోజు కాంట్రాక్టరు మనుషులు కెమెరాతో వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి ఫొటోలు తీసుకున్నారు. మూసిన షట్టర్ల ముందు మావాళ్ళు కొందరు నవ్వుతూ ఫోజులు కూడా ఇచ్చారు.

వారం తిరక్కుండా ఆ ఫొటోలు అధికారుల బల్ల మీదా, పేపర్లోనూ ప్రత్యక్షమయ్యాయి. వ్యాపారం చచ్చిపోయిన వీధి అట. కాంప్లెక్సు కడితే తప్ప బాగుపడదట. మా బంద్‌తో మా వీధికే పాడె కట్టారు.

మళ్ళీ మీటింగు. ఈసారి చప్పట్లు లేవు, తిట్లే.

"కోర్టుకెళదామండీ," అన్నారు భానుమూర్తి గారు.

"కోర్టు తేల్చేలోపు వాడు స్లాబులేసేస్తాడండీ," అంది టీ బంకు ఎలిజబెత్.

వెనకనుంచి బీబీజాన్ లేచింది. "మూసేసి పోట్లాడితే చచ్చిన బజారన్నారు. తెరిచే పోట్లాడదాం. బజారు ఎలా ఉండాలో వాడు బొమ్మ గీయించుకున్నాడు. మన బొమ్మేదీ?"

"బొమ్మ గీయడానికి మనమేమన్నా ఇంజనీర్లమా అమ్మా?" అన్నాడో కొట్టాయన.

"ఇంజనీర్లని వద్దన్నానా? పిలవండి. ఎవరెక్కడ నిలబడాలో మనం తేల్చుకుందాం, వాళ్ళు గీస్తారు."

భానుమూర్తి గారి అమ్మాయి అపూర్వ సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. క్లాసువాళ్ళను వెంటేసుకుని టేపుతో వచ్చింది. కాగితం మీద కాదు, రోడ్డు మీదే సున్నంతో గీయడం మొదలుపెట్టారు. ఇటు నడిచే దారి, అటు బండ్ల వరస, మొగలో బస్సు ఆగే చోటు. గీత గీతకీ తగాదా. చివరికి టేపు వచ్చి భానుమూర్తి గారి కొట్టు మెట్ల దగ్గరే ఆగింది. కొట్ల మెట్లన్నీ మురికికాలవ మీద కట్టినవే. అవి తీసి కాలవ మీద పలకలు పరిస్తే బండ్లు వాటి మీద నిలబడతాయి, రోడ్డు బస్సుకి ఖాళీ అవుతుంది.

"మా నాన్న కట్టిన మెట్లివి. బండ్ల కోసం పగలగొట్టుకోవాలా?" అని కూతురి మీద విరుచుకుపడ్డారాయన.

"తెర కోసం నా బండి దగ్గర ఆగినవాళ్ళే కదండీ మీ కొట్లోకొచ్చి గిన్నె కొనేది," అంది బీబీజాన్. "మమ్మల్ని లేపేశాక ఎంతమందొచ్చారు?"

ఆయన విసురుగా ఇంటికెళ్ళిపోయారు. ఇక సంఘం చీలినట్టే అనుకున్నాం. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి పంచె ఎగ్గట్టి, గునపంతో తన మెట్లు తానే పగలగొడుతూ గొణుక్కుంటున్నారు.

"ఎవర్నండీ తిడుతున్నారు?" అన్నాను.

"అందర్నీ. నువ్వూ ఓ గునపం తీసుకో."

మిగతా కొట్లవాళ్ళకి తప్పలేదు. హమాలీలు పలకలు మోశారు. బీబీజాన్‌కి అందరం కలిసి కొత్త బండి కట్టించాం. మా యూనియన్‌లో నేను మాట్లాడితే డ్రైవర్లు మొగలో బస్సులాపడానికి ఒప్పుకున్నారు. "తాళ్ళ బజారు, దిగండి" అని అరుస్తుంటే గొంతు పోయినా ఆనందంగా ఉండేది. జనం దిగారు. కొన్నారు. చదువుకునే తమ్ముళ్ళు ఇది గమనించాలి. మా ప్లానుకి ఏ అధికారీ సంతకం పెట్టలేదు.

కాంట్రాక్టరు ఊరుకుంటాడా? పెళ్ళిళ్ళ బేరాలు ఊపందుకున్న రోజున పోలీసు వ్యాన్లు దిగాయి.

"పర్మిషన్ లేని బజారు. శాంతిభద్రతల సమస్య. షట్టర్లు దించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బంద్ రోజుల్లో పోలీసులు షట్టర్లు తెరిపించడమే చూశాం. మూయించడం అదే మొదటిసారి చూడడం. వాళ్ళు దించుతుంటే మేం ఎత్తాం. ఎత్తిన చేతుల మీద లాఠీలు పడ్డాయి. ఎలిజబెత్ పొయ్యి తన్నేశారు. బండి వదలనన్నందుకు బీబీజాన్‌ని జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి వ్యానెక్కించారు.

"రేపటినుంచి బంద్," అన్నాడెవరో అలవాటు కొద్దీ.

"నోర్ముయ్," అన్నారు భానుమూర్తి గారు. ఆయన మోచేతి నుంచి రక్తం కారుతోంది. "మూసేది లేదు. బండ్లు కదిలించండి."

బీబీజాన్ బండిని ఆయనే తోశారు. వెనక బండ్లన్నీ, వాటి వెనక గిన్నెలూ చాపలూ నెత్తినెత్తుకున్న కొట్లవాళ్ళు. నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి గోడ పొడుగునా పరిచేశాం.

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చాడు. "ఏంటిది?"

"బజారండీ. అక్కడ శాంతిభద్రతల సమస్యన్నారుగా. ఇక్కడైతే మీ కళ్ళెదురుగానే ఉంటుంది," అన్నారు భానుమూర్తి గారు.

జనం మూగారు. కుండల వీధివాళ్ళూ వచ్చారు. వాళ్ళ వీధి మీదా కాంప్లెక్సు మాట నడుస్తోందట. ఎప్పుడొచ్చి గీస్తావని అపూర్వని అడుగుతున్నారు. ఇంతలో కంకిపాడు దంపతులెవరో డబుల్ మంచానికి దోమతెర కావాలన్నారు. భానుమూర్తి గారు కట్టలన్నీ తిరగేసి తెల్లమొహం వేశారు.

లాకప్పు కిటికీ లోంచి గొంతు వినిపించింది. "నీలం కట్టలోది చూపించండి భానుమూర్తి గారూ. రేపటికి మా ఇంటినుంచి ఇంకో నాలుగు కట్టలు తెప్పించండి. ఇక్కడ దోమలు తెగ ఉన్నాయి, కానిస్టేబుళ్ళే కొనుక్కుంటారు."

గేటు మూయమని ఇన్‌స్పెక్టరు కేకేశాడు. మూయడానికి లేదు. గేటుకి అడ్డంగా ఆమె బండి ఉంది, బండి చుట్టూ మేమున్నాం.