ఓస్వల్దో చెవి

చప్పుడు మళ్ళీ వచ్చింది.

హిమేనా ఓయార్సే మీట మీద చెయ్యి తీయకుండా తల పక్కకు వంచింది. ఎదురుగా పెద్ద ఇనుప చక్రం మామూలుగానే తిరుగుతోంది. దాని మీదుగా ఇనుప తాడు జారుతోంది. ఆ తాడు ఒక కొసకు పట్టాల మీద కొండ ఎక్కుతున్న బండి, రెండో కొసకు దిగుతున్న బండి. రెండింటి నిండా జనం.

టిక్. గోరుతో పళ్ళెం అంచు మీటినట్టు. అంతే, మళ్ళీ ఏమీ లేదు.

సోమవారం నుంచీ వింటోంది. పైకి వచ్చే బండి సగం దాటి ఇంకాస్త ఎక్కాక వస్తుంది, ఆగిపోతుంది. ఒక్కోసారి అసలు రాదు. అలాంటప్పుడు హిమేనాకి ఇంకా భయం వేసేది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే వచ్చే సమాధానం ఆమెకు ముందే తెలుసు. "ఓస్వల్దో చెవి."

రేవు పట్టణం వాల్పరైసోలో లాస్ బోల్దోస్ కొండ లిఫ్టు పనివాళ్ళకి అదొక అలవాటు. మనిషి బుర్ర వేసే ప్రతి వేషానికీ ఒక పేరు పెట్టేవాళ్ళు. డ్యూటీలో ఉన్న ఇద్దరూ రెండోవాళ్ళు చూస్తున్నారులే అని ఎవరూ చూడకపోతే అది "ఇద్దరి కునుకు". వేడిగా ఉన్నప్పుడే చెప్పాల్సిన మాట దాచుకుని, ఆ తర్వాత ఇప్పుడేం చెబుతాంలే అని సిగ్గుపడితే అది "చల్లారిన ఎంపనాద", వేడి పోయిన మాంసం కజ్జికాయ అన్నమాట. కిక్కిరిసిన బండిలోకి ఎలాగో దూరి, దూరిన మరుక్షణమే వెనకవాడి మొహం మీద తలుపు వేయమనేవాడు "తలుపు దొర". కొత్తగా చేరినవాళ్ళకి బ్రేకు సంగతి కంటే ముందు ఈ మాటలే నేర్పేవాళ్ళు. హిమేనా మొదటి వారమంతా నవ్వుతూనే ఉంది.

అన్నింటికంటే పాతది ఓస్వల్దో చెవి. ఓస్వల్దో పిసర్రో అదే గదిలో అదే మీట పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఒకరోజు ఏదో చప్పుడు విన్నానని బండి ఆపేశాడు. లోపల పెళ్ళికూతురు ఉంది. ఆమె మేలిముసుగు కిటికీలోంచి ఎగిరి సముద్రం వైపు పోయింది. యంత్రమంతా విప్పి చూశారు, ఏమీ దొరకలేదు. తర్వాత ఇంకోసారి ఆపాడు. అప్పుడూ ఏమీ లేదు. మూడోసారి మీట లాక్కుని ఇంటికి పంపించేశారు. ఇప్పుడు రేవు దగ్గర చేపలు వేయించి అమ్ముతాడు. ఇల్లు కొండ మీదే కాబట్టి రోజూ మధ్యాహ్నం సంచీ పట్టుకుని అదే లిఫ్టు ఎక్కుతాడు. తన పేరుతో ఒక మాట ఉందని అతనికీ తెలుసు.

ఆ మాట పుట్టించినవాడు దోన్ ఫెర్మీన్. యంత్రం గదికి పెద్ద. హిమేనాని పనిలో ఉంచాలా పంపాలా అన్నది ఈ శనివారం తేల్చేది ఆయనే.

మంగళవారం ఆమె చుట్టుతిప్పి అడిగి చూసింది. చక్రానికి నూనె ఎప్పుడు పట్టించారని.

"ఏం పిల్లా, చెవి మొలిచిందా?" అన్నాడాయన టీ పోసుకుంటూ.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ ఆయన మొహం మాత్రం తిప్పుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తర్వాత గుర్తొచ్చింది.

గురువారం దక్షిణపు గాలి మొదలైంది. రేకులు కొట్టుకుంటున్నాయి. కింది స్టేషన్లో టికెట్లు చింపే యాస్నా ఫోను చేసింది. బండి నిండిపోయిందనీ, ఒక సూటు పెద్దమనిషి ఎక్కగానే తలుపు వేయమని అరిచాడనీ చెప్పింది. "మీ కులదైవం కూడా ఎక్కాడే. చేపల వాసన పైదాకా వస్తుంది, కాస్త జాగ్రత్తగా లాక్కో." ఓస్వల్దో అన్నమాట. గంట మోగింది. హిమేనా మీట ముందుకు నెట్టింది.

సగం దాటింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

టిక్.

ఆపితే ఏమవుతుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. విప్పి చూస్తారు, ఏమీ ఉండదు. శనివారం చేతిలో సంచీ పెడతారు. ఇక ముప్పై ఏళ్ళపాటు ఈ గదిలో, ఆమె మొహం కూడా ఎరగని వాళ్ళు, హిమేనా చెవి అని నవ్వుకుంటారు. ఆపకపోతే? ఆపకపోతే ఏమీ కాకపోవచ్చు. ఇన్ని రోజులు కాలేదు కదా.

టిక్. టిక్.

ఇంత దగ్గర దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

ఆమె బ్రేకు లాగేసింది.

చక్రం కీచుమని ఆగింది. గాలి హోరు ఒక్కసారిగా పెద్దదైపోయింది. పక్కగదిలోంచి దోన్ ఫెర్మీన్ పరుగెత్తుకొచ్చాడు. ఏమీ అడగలేదు. చక్రం చూశాడు, బోల్టులు ఒక్కొక్కటే తట్టాడు, బ్రేకు పట్టీల మధ్య వేలు పెట్టి తడిమాడు. కింద బండిలోంచి అరుపులు వినిపిస్తున్నాయి. ఫోను మోగింది. హిమేనా ఎత్తి, యాస్నాని లైన్లోనే ఉండమని బల్ల మీద పెట్టింది.

చివరికి ఆయన చేతులు తుడుచుకున్నాడు. అంతా బాగానే ఉందన్నాడు. వదలమన్నాడు.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు ఎవరు వేస్తే వాళ్ళే వదలాలి. ఎంత పెద్దవాడైనా ఇంకొకరు ముట్టుకోకూడదు.

హిమేనా వదల్లేదు. మీటని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, కొండ మధ్యలో జనం వేలాడుతున్నారు."

"మీరు విన్నారా లేదా, దోన్ ఫెర్మీన్? అదొక్కటి చెప్పండి."

"చక్రం బాగుందని చెప్పాను కదా."

"చక్రం గురించి నేనడగలేదు."

ఆయన మళ్ళీ చక్రం వైపు తిరిగాడు. జవాబు ఫోనులోంచి వచ్చింది. సన్నగా, బల్ల మీద నుంచి.

"నేను విన్నానే," అంది యాస్నా. "సోమవారం నుంచీ. కింద పట్టాల్లోంచి వస్తోంది. నాకే చెవి పట్టిందేమో అనుకున్నా. ఎవరితో అనను?"

దోన్ ఫెర్మీన్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కసారిగా పదేళ్ళు మీదపడ్డట్టు కనిపించాడు.

"నేను పోయిన నెల నుంచీ వింటున్నా," అన్నాడు.

ముగ్గురూ విన్నారు. ముగ్గురూ దాచారు. హిమేనాకి కోపం రావాల్సింది, కానీ రాలేదు. చప్పుడు నిజం. అంటే కింద ఉన్నవాళ్ళు నిజంగానే దేనికో వేలాడుతున్నారు. అది ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఆమె బయట పై స్టేషన్ వేదిక అంచుకు పరుగెత్తింది. కింద, కేకేస్తే వినబడే దూరంలో, బండి గాలికి అదురుతోంది.

"దోన్ ఓస్వల్దో!"

కిటికీలోంచి ఒక తెల్లటి తల బయటికి వచ్చింది. ఆ లిఫ్టు తాలూకు మనుషులు అతన్ని ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

"మీకేమైనా వినబడిందా?"

అతను ఆమె మొహంలో నవ్వు వెతుకుతున్నట్టు చూశాడు.

"వేళాకోళమా, తల్లీ?"

"కాదండీ. దయచేసి చెప్పండి."

"నా కాళ్ళ కింద. తాడులో. అక్కడ పైన వెతికి లాభం లేదు," అన్నాడు. ఆగి, గాలి కాస్త తగ్గాక, తనకే చెప్పుకుంటున్నట్టు, "అప్పుడు నేనూ పైనే వెతికాను," అన్నాడు.

దోన్ ఫెర్మీన్ పట్టాల పక్క మెట్ల మీదుగా దిగాడు. ముందుగా బండి చక్రాల కింద చెక్క దిమ్మలు కొట్టాడు. ఆ తర్వాత బోర్లా పడుకుని తాడు కిందికి తల పెట్టాడు. లేచినప్పుడు ఆయన మొహంలో రక్తం లేదు. బండికి కాస్త ఎగువన తాడు పేటలు తెగి, ముళ్ళలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. పట్టాల మధ్య తాడు జారే కప్పీని ఆ ముళ్ళు గీకినప్పుడల్లా చప్పుడు తాడు వెంట పైదాకా పాకుతోంది. యంత్రం గదిలో కూర్చున్నవాళ్ళకి అది గదిలోనే పుట్టినట్టు వినిపిస్తోంది.

అవతలి బండిని కూడా దిమ్మలు కొట్టి ఖాళీ చేయమని యాస్నాకి చెప్పారు. ఇక్కడ ఒక్కొక్కరినే దించాలి. ఎవరూ తోసుకోకూడదు, గబుక్కున కదలకూడదు. తలుపు దగ్గర ఓస్వల్దో నిలబడ్డాడు. సూటు పెద్దమనిషి అందరినీ తప్పించుకుని ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దొరగారూ, తలుపు వేయమన్నది తమరే కదా. దిగడం చివర్న."

బండిలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుతో తోపులాట ఆగింది. ముసలావిడలు, బుట్టలవాళ్ళు, ఒక కుక్క, చివరికి ఆ దొర కూడా దిగారు. హిమేనా పైన మీట దగ్గరే ఉంది. కూర్చోలేకపోయింది.

ఓస్వల్దో మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడు తెగింది.

ఈసారి టిక్ అనలేదు. తుపాకీ పేలినట్టు పేలింది. బండి జానెడు జారి, దిమ్మలకు తగిలి ఆగింది. కొండ మీద వాళ్ళంతా విన్నారు.

సాయంత్రం యంత్రం గదిలో ఓస్వల్దో పాత కుర్చీలో కూర్చుని టీ తాగాడు. రొట్టె ముందు పెట్టారు, ముట్టుకోలేదు. దోన్ ఫెర్మీన్ గోడ వైపు చూస్తూ, ఆ మాట ఇక ఈ గదిలో ఎవరూ అనరని చెప్పాడు.

"ఎందుకూ? అననీ," అన్నాడు ఓస్వల్దో. "విన్నది చెప్పేవాళ్ళకి నా పేరే ఉండనీ. విని ఊరుకునేవాళ్ళకి నీ పేరు పెట్టుకో."

దోన్ ఫెర్మీన్ సరేనన్నాడు. అప్పటి చప్పుడూ ఇదేనా అని ఎవరూ అడగలేదు. అప్పటి తాడు ఎప్పుడో పారేశారు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

శనివారం హిమేనాని ఎవరూ పంపించలేదు. కొత్త తాడు వచ్చి, పరీక్షలన్నీ అయ్యాక, మొదటి బండి లాగమని మీట ఆమెకే ఇచ్చారు. యాస్నా గంట కొట్టింది. చక్రం తిరిగింది. బండి సగం దాటింది.

ఏదో వినబడింది. చాలా చిన్నది. గాలేమో, రేకేమో. తన గుండె చప్పుడేమో.

"దోన్ ఫెర్మీన్, విన్నారా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"లేదు," అన్నాడు. "నువ్వు విన్నావు కదా, ఆపు."