ఎవరూ తెరవని ఫిర్యాదులు

మా టౌన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కన్నాలు వెతికిపెట్టమని నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజు టీ చల్లారకముందే ఒకటి దొరికింది, ఫిర్యాదుల పెట్టెలో. అందులో ఏం రాసినా అలాగే దాచుకుంటుంది, కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞ రాసినా సరే. ఆఫీసులో ఎవరు ఆ ఫిర్యాదు తెరిస్తే వాళ్ల కంప్యూటర్ నోరు మెదపకుండా ఆ ఆజ్ఞ పాటిస్తుంది. దొంగవెధవ ఎవడైనా ఆ దారిన మేనేజర్ పేరుతోనే లోపల తిరిగేయొచ్చు.

నేను దొంగను కాను గనక చిన్న ఆజ్ఞ ఒకటి ఫిర్యాదుగా రాసి పంపాను. ఫిర్యాదు తెరవగానే అక్కడి కంప్యూటర్‌లో, కూతే నవ్వులా ఉండే కూకబర్రా పిట్ట పగలబడి నవ్వాలి, ఇక్కడ నా ఫోన్ మోగాలి.

రెండు వారాలైనా మోగలేదు.

"చూశావా బ్రైడీ?" అన్నాడు ఆ సైటు కట్టిన డెస్మండ్, మాంసం కూరిన రొట్టె నములుతూ. "అన్నీ గాలి కబుర్లు. నా సైటు ఉక్కు కోట!"

"ఎవరైనా తెరిస్తేగా మోగేది!"

"తెరుస్తారు తల్లీ. ప్రతి ఫిర్యాదూ రెండ్రోజుల్లో చదువుతామని సైటు మీదే ఉందిగా."

అది రాసింది కూడా వాడే.

సాయంత్రం పక్కింటి ఊనాను అడిగాను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, తుంటికి ఆపరేషన్ అయింది. వాగు మీది నడక వంతెనలో ఒక చెక్క ఊడిపోతోందని కౌన్సిల్‌కి రాస్తూనే ఉంది.

"పదకొండుసార్లు రాశానే. పదకొండుసార్లూ 'ధన్యవాదాలు ఊనా' అని నిమిషంలో జవాబు. ఎంత మర్యాదో సచ్చినోళ్లకి! పోయిన నెల సందులో కాలు ఇరుక్కుంది. ఈసారి పడితే ఇక లేవను. కొట్టుకి అదొక్కటే దారి."

నాకు ఒళ్లు మండింది. కన్నం సంగతి చెప్పాను.

"అయితే నా చెక్క వేసేదాకా దాన్ని పూడ్చనివ్వకు," అంది.

శుక్రవారం మీటింగ్‌లో మేనేజర్ గ్లెనిస్ రుజువేదని అడిగింది.

"మీ ఫిర్యాదుల్లోనే ఉంది. తెరిస్తే నవ్వుతుంది."

"ఎన్నో నంబరు?"

నంబరు నా నోట్‌బుక్‌లో ఉంది. నోట్‌బుక్ మూసేశాను. "గుర్తులేదండీ. పాతవాటి నుంచి ఒక్కొక్కటే తెరవండి."

మొత్తం నాలుగు వందల పన్నెండు. అప్పటిదాకా ఒక్కటంటే ఒక్కటి తెరిచిన పాపాన పోలేదు. డెస్మండ్ తెరుస్తుంటే గ్లెనిస్ పైకి చదివింది. మొరిగే కుక్కలు, ఎత్తని చెత్త డబ్బాలు, నెత్తి మీద పొడిచే మాగ్‌పై పిట్టలు. మధ్యలో ఊనా.

"మళ్లీ ఈవిడేనా?" అంది ఐదోసారి. తొమ్మిదోసారికి గొంతు తగ్గింది. కాలు ఇరుక్కున్న ఫిర్యాదు చదివాక ఫోన్ తీసి, "వాగు వంతెన, ఇవాళే," అని పనివాళ్లకి చెప్పింది.

మూడు వందల తొంభై ఎనిమిదోదానికి పిట్ట నవ్వింది. నా జేబులో ఫోన్ మోగింది. గదిలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

రుజువు దొరికింది కదా అని గ్లెనిస్ లాప్‌టాప్ మూసేసింది. మూడింటికల్లా డెస్మండ్ కన్నం పూడ్చాడు. నాలుగింటికి చెక్క పడింది.

ఊనా కొత్త చెక్క మీద రెండుసార్లు గట్టిగా తొక్కి చూసుకుంది. నేను గొప్పగా కథంతా చెప్పాను.

"మరి ఆ మిగిలిన పద్నాలుగు ఫిర్యాదులు?" అంది.

తెరవలేదని తల అడ్డంగా ఊపాను.

"ఆ పిట్టని చిట్టచివరి ఫిర్యాదులో పెట్టాల్సింది కదుటే, మొద్దుమొహమా!"