గుండీల ఫ్యాక్టరీలో ఆదివారం

వదిన ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మరదలు జనానికి కారు నడపడం నేర్పుతుంది. ఆదివారం వస్తే ఇద్దరూ కలిసి, ఎవరూ ఉండని కట్టడాలు వెతుక్కుంటూ బయల్దేరతారు. మూతపడ్డ మిల్లులు, ఖాళీ చేసిన హాస్టళ్ళు, వాడకం మానేసిన ఈత కొలనులు. వదిన ఫోటోలు తీస్తుంది. మరదలు స్టాండు మోస్తుంది, కుక్కలుంటే ముందుగా చెబుతుంది. వారమంతా మనుషుల్ని కదలకండి బాబూ అని బతిమాలి బతిమాలి ప్రాణం విసిగిపోయిందనీ, గోడలతో ఆ బాధ లేదనీ వదిన అంటుంది. కొత్తవాళ్ళెవరు కనబడినా ఈ మాట చెప్పకుండా వదలదు. మరదలికి విని విని కంఠతా వచ్చేసింది.

వదినా, మరదలి అన్నా విడిపోయి చాలాకాలమైంది. అన్న లిఫ్టు మెకానిక్కు. మనిషి చెడ్డవాడేమీ కాదు. పాడుబడ్డ కొంపల్లో ఏముంటుందని అతను ఎన్నిసార్లు అడిగాడో, వచ్చి చూస్తే కదా తెలిసేదని ఆమె అన్నిసార్లు అంది. అతను ఒక్కసారీ వెంట వెళ్ళలేదు. ఆదివారాల మీద మొదలైన పోట్లాట మెల్లగా మిగతా వారాలకూ పాకింది. విడాకులప్పుడు మరదలు వదిన పక్షాన మాట్లాడింది. దాంతో అన్న మనసు విరిగింది. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు చెల్లెల్ని పిలిచాడు గానీ ఆమె వెళ్ళలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు అక్కడితో ఆగిపోయాయి.

గుండీల ఫ్యాక్టరీ ఊరి బయట, రైలు పట్టాల పక్కన ఉంది. ఇటుకల కట్టడం. వెనక గోడ ఒకచోట కూలి, మనిషి వంగి దూరేంత సందు ఏర్పడింది. కింది హాల్లో యంత్రాలు ఎప్పుడో పట్టుకుపోయారు. వాటిని బిగించిన బోల్టులు మాత్రం నేలలోంచి వరసగా పొడుచుకుని ఉన్నాయి. గుండీల్ని రంగులవారీగా ఏరే హాలు పై అంతస్తులో ఉంది. పొడవాటి బల్లలు, బల్లలకు చిన్న చిన్న సొరుగులు, చెక్క నేల. చెక్కల సందుల్లో గుండీలు ఇరుక్కుని ఉన్నాయి: ముత్యపు రంగువి, గోధుమ రంగువి, పసిపిల్లల చొక్కాలకు కుట్టే బాతుబొమ్మవి. సగం కిటికీలకు అద్దాలు లేవు. ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది.

ఆ ఆదివారం అక్కడికి వెళ్ళినప్పుడు, వదిన ముందు వెలుగు ఎటు పడుతోందో చూసుకుంది. తర్వాత కెమెరా తీసి, ముందుకీ వెనక్కీ జరుగుతూ పని మొదలుపెట్టింది. గోడవారనే నడవమని మరదలు చెప్పింది. వదిన ఊఁ అంది. అంటూనే, బల్ల మీద పడే వెలుగు హాలు మధ్యనుంచైతే బాగా వస్తుందని అటు జరిగింది.

చెక్క విరిగిన చప్పుడు పెద్దగా లేదు. తడిసిన అట్టపెట్టె మీద కాలేసినట్టు మెత్తగా వినబడింది. మరదలు తలెత్తేసరికి వదిన ఒక కాలు తొడదాకా నేలలోకి దిగిపోయింది. రెండో కాలు మడతపడింది. ఆమె మాత్రం కెమెరాను రెండు చేతులతో తలకన్నా పైకెత్తి పట్టుకుని కూర్చుని ఉంది.

మరదలు పరిగెత్తబోతే వదిన వద్దంది. ఇద్దరి బరువూ ఒకచోట పడితే ఇద్దరూ కిందికి పోతారని చెప్పింది. మరదలు మెట్లు దిగి కిందనుంచి చూసింది. పైకప్పులోంచి వదిన కాలు వేలాడుతోంది. బూటు అలాగే ఉంది, లేసు కూడా ఊడలేదు. ప్యాంటు చిరిగి రక్తం సన్నగా కారుతోంది. విరిగిన చెక్క మొనలు కాలు దిగేటప్పుడు దారిచ్చాయి గానీ, ఇప్పుడు పైకి లాగితే తొడలో దిగబడేలా ఉన్నాయి. వేళ్ళు కదపమని మరదలు కిందనుంచి కేకేసింది. బూటు కొంచెం ఊగింది.

పైకి వచ్చాక, ఎవర్ని పిలవాలన్న చర్చ జరిగింది. ఫైరింజన్ వాళ్ళను పిలుస్తానని మరదలు అంది. వాళ్ళ వెనకే పోలీసులు వస్తారనీ, తాళం వేసిన కట్టడంలో దూరినట్టు తెలిస్తే తన ఉద్యోగానికి ఎసరు వస్తుందనీ వదిన అంది. పట్టాల మీద గూడ్సు బండి పోయింది. నేల అదిరి, సందుల్లో గుండీలు కదిలాయి.

"మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యి," అంది వదిన.

"ఇంకెవరైనా ఉన్నారేమో ఆలోచిద్దాం వదినా."

"ఆలోచించాను. రంపం, తాళ్ళు ఉండి, వాటిని వాడటం తెలిసిన మనిషి నాకు ఆయనొక్కడే కనబడుతున్నాడు. నీకు మాట్లాడటం ఇష్టం లేకపోతే ఫోన్ ఇటు విసురు."

మరదలే చేసింది. పలకరింపులేవీ లేకుండా, వదిన కాలు నేలలో ఇరుక్కుందని చెప్పింది. ఏ వదిన అని అతను అడగలేదు. అది చెక్క నేలా, సిమెంటు నేలా అని అడిగాడు. తర్వాత దారి అడిగాడు.

ఎక్కడికో భోజనానికి బయల్దేరినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. సందులోంచి దూరేటప్పుడు దానికి ఇటుకపొడి అంటుకుంది. చెల్లెల్ని చూసి తలాడించాడు, అంతే. గుమ్మం దగ్గర నిలబడి, ఇనప కడ్డీతో నేలను తట్టుకుంటూ, కింద దూలాలు ఎటు పోతున్నాయో పోల్చుకున్నాడు. వ్యానులోంచి తెచ్చిన పలకలు వాటి మీద పరిచి, బోర్లా పడుకుని, వదిన దగ్గరకు పాక్కుంటూ వెళ్ళాడు.

"విరిగిందా?"

"లేదు. విరిగితే నాకు తెలియదా? ముందు ఈ కెమెరా అందుకోండి, చేతులు పడిపోతున్నాయి."

అతను కెమెరా అందుకుని, జాగ్రత్తగా పలక మీద పెట్టాడు. ఆమె నడుముకు తాడు కట్టి, రెండో కొసను ఇనప స్తంభానికి చుట్టించి చెల్లెలి చేతికిచ్చాడు. తర్వాత చెక్క మొనల్ని ఒక్కొక్కటే కోయసాగాడు. ఆ కాసేపూ ఇద్దరూ చెక్క గురించే మాట్లాడుకున్నారు. కొంచెం ఎడమకి, ఆగండి, అక్కడ గుచ్చుకుంటోంది, ఇప్పుడు పర్లేదు. కాపురం చేసిన రోజుల్లో వీళ్ళు ఇంత నిదానంగా మాట్లాడుకోవడం తనెప్పుడూ వినలేదని మరదలికి అనిపించింది.

కాలు బయటికి వచ్చాక వదినను గోడవారకు చేర్చి గాయానికి గుడ్డ కట్టారు. మరదలు కారును సందు దగ్గరకు తెచ్చి వచ్చేసరికి, అన్న హాలంతా కలయజూస్తున్నాడు. వంగి ఒక గుండీని గోటితో పైకి తీయబోతే, ఇక్కడివేవీ ముట్టుకోవద్దని వదిన చెప్పింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నీ ఇలాగే ఉంటాయా?" అని అడిగాడు.

"ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది," అంది వదిన.

ఆస్పత్రికి వెళ్ళాక వదిన, మెట్ల మీద పడ్డానని చెప్పింది. ఎక్కడి మెట్లని ఎవరూ అడగలేదు. తోటి ఉద్యోగి తీసిన ఎక్స్‌రేలో మోకాలి కింద ఎముకకు సన్నటి పగులు కనబడింది. కట్టు వేశారు. ఆమె ఇంట్లో కూర్చున్న రోజుల్లో మరదలు ఒకసారి కెమెరా పట్టుకుని ఒంటరిగా వెళ్ళొచ్చింది. ఆ ఫోటోలు చూసి వదిన, ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనకు బాగా పనికొస్తాయంది.

అన్న రోజూ చెల్లెలికి ఫోన్ చేసి కాలు సంగతి అడిగేవాడు. అలా అడుగుతూ అడుగుతూ మిగతా మాటలూ వచ్చాయి. ఒకరోజు, వదిన కోలుకున్నాక తనూ ఆదివారాలు వెంట వస్తాననీ, నేలలు తాను చూస్తాననీ, ఇంట్లో భార్యను కూడా అడిగాననీ, అభ్యంతరం లేదందనీ చెప్పాడు. మరదలు సంతోషంగా వెళ్ళి ఈ సంగతి వదిన చెవిన వేసింది.

"వద్దని చెప్పు," అంది వదిన. కోపంగా అనలేదు, టీలో పంచదార తగ్గిందన్నట్టు అంది.

"ఆ రోజు అన్నయ్య రాకపోతే ఏమయ్యేది వదినా?"

"నాకు తెలీదా? కాలు నాదే కదా. ఆ మేలు చచ్చేదాకా మర్చిపోను. కానీ ఆయన పక్కనుంటే గది గదికీ నేల గురించే మాట్లాడతాడు. ఇంక నేను గోడల్ని చూడలేను. అప్పుడు రమ్మంటే రాలేదు. ఇప్పుడు వస్తానన్నా నాకు కుదరదు."

మరదలికి ఒళ్ళు మండింది. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. రెండు మూడు రోజులు అన్న ఫోన్ ఎత్తలేదు. చివరికి తనే అతను పనిచేస్తున్న చోటికి, ఒక ఆఫీసు మేడ మీది లిఫ్టు మోటారు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చేతికంటిన గ్రీజును గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"సరే," అన్నాడు. "పోనీ నువ్వైనా నేర్చుకో."

మధ్యాహ్నం పని ఆపి, మరమ్మతులు జరుగుతున్న ఒక పాత ఇంటికి చెల్లెల్ని తీసుకెళ్ళాడు. మేకులు వరసగా కనబడితే వాటి కింద దూలం ఉన్నట్టనీ, ఆ వరస మీదే అడుగెయ్యాలనీ చెప్పాడు. గట్టి చెక్కను కడ్డీతో తడితే ఖంగుమంటుంది, పుచ్చిన చెక్క పలకదు. కళ్ళు మూసుకుని తట్టమన్నాడు. ఆమె తప్పు చెప్పినప్పుడల్లా మళ్ళీ తట్టించాడు. వెళ్ళేటప్పుడు కడ్డీ ఆమెకే ఇచ్చి, తానిచ్చినట్టు చెప్పొద్దన్నాడు. ఆమె చెప్పేసింది. వదిన కడ్డీని చేత్తో ఎత్తి చూసి, బరువుగా ఉంది, నువ్వే మోసుకో అంది.

కట్టు విప్పాక మొదట వెళ్ళింది మూతపడ్డ లాండ్రీకి. పై గదిలో వెలుగు బ్రహ్మాండంగా ఉంది. మరదలు ముందు నడిచి తట్టుకుంటూ పోయింది. గది మధ్యకు రాగానే చెక్క పలకడం మానేసింది. ఆమె వెనక్కి వచ్చేసి, లోపలికి వద్దంది. వదిన బతిమాలింది, వాదించింది, ఒక్క అడుగే అంది. మరదలు గుమ్మానికి అడ్డంగా నిలబడి, కారు నేర్చుకునేవాళ్ళతో మాట్లాడే గొంతుతో, వద్దంటే వద్దంది. వదిన గొణుక్కుంటూ, గుమ్మంలోంచి ఎంత కనబడితే అంతే తీసుకుంది.

ఆ సాయంత్రం వదినను ఇంటి దగ్గర దింపి, మరదలు అన్న ఇంటికి భోజనానికి వెళ్ళింది. అతని భార్య వడ్డిస్తుంటే, ఇవాళ ఎలాంటి నేల తగిలిందని అతను అడిగాడు. చెల్లెలు చెప్పింది. దూలాలు ఎటు ఉన్నాయని అడిగాడు. అదీ చెప్పింది. అతను ఇంకేమీ అడగకుండా తినసాగాడు.