బొట్టు గుంట

రైలు పాయిఖానాలో నీళ్ళు వదిలే వాల్వును ఎవడైనా దొంగిలిస్తాడా? దొంగిలించడన్న ధీమాతోనే విజయకుమార్ పేటెంటు జోలికి పోలేదు. మాధవరంలోని తన చిన్న ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని చేసిన వాల్వు అది. ఇసుక పడ్డా, గుట్కా పొట్లం ఇరుక్కున్నా మొరాయించదు. ఒక ట్రేడ్ ఫెయిర్‌లో పెడితే విదేశీ కంపెనీవాళ్ళు తెగ మెచ్చుకుని శాంపిళ్ళు పట్టుకెళ్ళారు. ఈ మహానుభావుడు వాళ్ళకు కాఫీ కూడా పోయించాడు.

ఇప్పుడు అదే కంపెనీ, వాల్వు తమదనీ, పేటెంటు కూడా ఉందనీ, విజయకుమారే కాపీ కొట్టాడనీ గొడవకు దిగింది. అతను వేసిన రైల్వే టెండరేమో దేశీయ డిజైన్లకే. దొంగ అన్న పేరు పడితే టెండరూ పోతుంది, పరువూ పోతుంది.

సంగతి తేల్చడానికి ఢిల్లీ నుంచి గురుప్రసాద్ అనే అధికారి ఫ్యాక్టరీకి వచ్చాడు. స్వదేశీ ఆవిష్కరణల మీద ఉపన్యాసాలు దంచే మనిషి. కంపెనీ తరఫున ప్రీతి అనే కోడంబాక్కం లాయరు తమ వాల్వుతో సహా వచ్చింది.

"చూడండి విజయకుమార్ గారూ," గురుప్రసాద్ గొంతు తగ్గించాడు. "ఆ కంపెనీవాళ్ళ దేశంతో వాణిజ్య ఒప్పందం చర్చలు నడుస్తున్నాయి. మనవాళ్ళు కాపీ కొడతారని వాళ్ళు ఇప్పటికే ఒకటే గోల. మీరు కాస్త సర్దుకుని, వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకున్నట్టు ఒప్పేసుకోండి. దేశం కోసం అనుకోండి."

దేశం కోసం సొంత బిడ్డను దత్తత తెచ్చుకున్నానని చెప్పాలన్నమాట! విజయకుమార్‌కు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చూపించి కాదనగలడు? రెండు వాల్వులూ బల్లమీద కవల పిల్లల్లా కూర్చున్నాయి.

"ఈ గుంట కూడా కాపీయే సార్," ప్రీతి విజయకుమార్ వాల్వుకు ఒక పక్కగా ఉన్న చిన్న గుంట చూపించింది. "నీటి ఒత్తిడిని సమం చేసేది. మా పేటెంటులో దీనికే రెండు పేజీలు."

మూల స్టూలు మీద వక్క నములుతున్న విజయకుమార్ తల్లి చెంగమ్మ ఫక్కున నవ్వింది.

"ఒత్తిడా నా బొందా! అది బొట్టు పెట్టే గుంట పాపా."

విజయకుమార్ తల వంచుకున్నాడు. ఆయుధపూజ ఒక్కరోజుతో ఆవిడకు తృప్తి లేదు. బొట్టు పెట్టందే ఏ వాల్వునూ గడప దాటనిచ్చేది కాదు. కుంకుమ స్ప్రింగులోకి పోయి వాల్వులు బిగుసుకుపోతున్నాయని అతను రంకెలేస్తే, "అట్లయితే బొట్టుకు వేరే చోటు పెట్టరా" అని, అచ్చు తీయడానికి చేసిన మైనపు నమూనాలో తన ఉంగరపు వేలు నొక్కేసింది. ఆ సిగ్గుకు అతను అందరికీ అది అచ్చులో లోపమని చెప్పుకొచ్చాడు. కొత్త అచ్చులో ఆ గుంట పూడ్చెయ్యమని పెరంబూరులో అచ్చులు చేసే సెంథిల్‌కు నిన్ననే చెప్పాడు కూడా.

"బొట్టుకేనని ఋజువేంటమ్మా?" అన్నాడు గురుప్రసాద్.

చెంగమ్మ ఉంగరపు వేలు ఎత్తి చూపించింది. ఎప్పుడో తలుపు సందున నలిగి, పై కణుపు వంకర తిరిగిన వేలు. దాన్ని కుంకుమలో అద్ది, విదేశీ వాల్వు గుంటలో పెట్టింది. వంకరతో సహా సందు లేకుండా కూర్చుంది.

"మీ దొరల్లో ఎవురికన్నా ఈ వంకర ఉండాదా? ఉంటే ఈడికి పిలిపించండి, సంబంధం కలుపుకుంటాం."

ప్రీతి తన వేలు పెట్టి చూసింది. కుదరలేదు. "క్లయింటుతో మాట్లాడాలి," అని ఫైలు మూసేసింది. గురుప్రసాద్ కూడా వేలు పెట్టి చూసి, అంటిన కుంకుమను అలవాటు కొద్దీ నుదుట పెట్టుకున్నాడు.

"చర్చల్లో ఇక గోల చేసేది మనమేనమ్మా! మీ వేలిముద్ర ఇస్తారా? ఢిల్లీలో చూపిస్తాను."

"ముద్రెందుకు నాయనా, నేనే వస్తా. ఫ్లైటులో కిటికీ సీటు చెప్పు."

విజయకుమార్ అప్పటికే వాకిట్లో నిలబడి ఫోన్లో అరుస్తున్నాడు.

"సెంథిల్! ఆ గుంట పూడ్చొద్దు! ఏందీ, పూడ్చేసినావా? అయ్యో... నువ్వు మళ్ళీ తవ్వబాకు, చెయ్యి పెట్టబాకు. మైనం కరిగించి పెట్టు. మా అమ్మను తోడుకొని వస్తా."