దవడలో మాత్ర

డాక్టరమ్మ గది బయట సూదులత్త కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే లోకాభిరామాయణమంతా చెప్పేది కాబట్టి, వీధివీధంతా ఆ పేరు ఖాయం చేసింది.

"కూర్చోమ్మా. పడ్డావంటే మళ్లీ మణికట్టు విరుగుతుంది," అంది కూతురు.

కూర్చుంది. మళ్లీ లేచింది. ఎముకలు గుల్లబారాయని రెండేళ్ల కిందట డాక్టరమ్మ వారానికో మాత్ర రాసింది. పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు. తల్లి మీద నమ్మకం లేక కూతురే ప్రతి ఆదివారం తెల్లారేసరికి రెండు బస్సులు మారి వచ్చేది. మాత్ర చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని అరగంట కబుర్లాడేది. మిగతా వారమంతా ఆ పిల్లకు ఫోనెత్తే తీరిక కూడా ఉండదు.

మొదటి నెలలోనే మాత్ర గుండెల్లో మంట పెట్టింది. చెబితే మాత్ర ఆపేస్తారు, మాత్ర ఆగితే ఆదివారం పోతుంది. అందుకని దాన్ని దవడన పెట్టుకుని, నీళ్లు మాత్రం మింగి, మాట తడబడకుండా రెండు ముక్కలు మాట్లాడి, గ్లాసు కడిగే నెపంతో ఉమ్మేసి వచ్చేది. పనితనం ఎక్కడ అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు! ఇవాళ ఎముకల పరీక్షలో ఆ బండారం బయటపడితే పిల్ల ఇక గడప తొక్కదేమోనని ఆవిడకు భయం.

లోపలికి పిలిచారు.

"పోయినసారి తీసిన మిషన్ మీదే స్కాన్ తీశాం. ఎముక ఇంకా పలచబడింది," అంది డాక్టరమ్మ. "రక్త పరీక్ష చూస్తే అసలు మందు వేసుకోనివాళ్లకి ఉన్నట్టుంది ఎముక అరుగుదల. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా?"

"నా చేత్తో ఇస్తున్నానండీ. ఒక్క ఆదివారం తప్పలేదు." కూతురు తలదించుకుంది. "నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను."

తల్లి ప్రాణం చివుక్కుమంది. తను చేసిన దొంగపనికి పిల్ల తలదించుకోవడం చూడలేకపోయింది.

"దాని తప్పేం లేదు. నేనే మింగలేదు. మంటగా ఉందని ఉమ్మేశాను."

"ఆ ఒక్క మాట నాతో చెబితే అప్పుడే మార్చేదాన్ని కదా," అని డాక్టరమ్మ ఆర్నెల్లకోసారి వేసే ఇంజెక్షన్ రాసిచ్చింది. కూతురు కాగితం అందుకుని విసురుగా లేచింది.

మెట్ల దగ్గర ఆగింది. "రెండేళ్లు! ఎందుకమ్మా?"

"మాత్ర ఆగితే నువ్వు రావేమోనని."

కూతురు తల్లి జబ్బ గట్టిగా పట్టుకుని ఒక్కో మెట్టూ దింపింది. చివరి మెట్టు మీద సూదులత్త ఉండబట్టలేక అడిగేసింది.

"ఆదివారం వస్తావా?"

"వస్తా. కానీ తొమ్మిదింటికి," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "రెండేళ్ల నిద్ర బాకీ పడ్డావు నాకు."